అచ్చిరాని చిరునామా

నేను ఒక వెబ్‌సైటును. కాగితాన్ని కాదు, ఇనుమును కాదు, చేత్తో తాకి చూడ్డానికి నాలో ఏమీ లేదు. అయినా నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ముందే చెబుతున్నాను, ఇది కడుపు నిండా తిని చదివే కథ కాదు.

నన్ను పుట్టించింది అనకాపల్లిలో హైమ అనే అమ్మాయి. ఆమె మేనమామ సూరిశెట్టి గవర్రాజు షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు పాదం కొలత తీసి మెత్తటి చెప్పులు కుట్టి అమ్ముతాడు. ఆ జబ్బుతో కాళ్ళు మొద్దుబారినవాళ్ళకు చెప్పు కరిచినా తెలియదు. కరిచినచోట పుండు పడుతుంది, పుండు ముదిరితే కాలు తీసేస్తారు. అలాంటి మనిషి వెతుక్కుంటూ వెతుక్కుంటూ సరైన కొట్టుకు చేరాడా లేదా అన్నది చిన్న సంగతి కాదు. చేర్చడమే నా పని.

గవర్రాజుకు మొదట ఆ సంగతి బుర్రకెక్కలేదు. పైన వినాయకుడు, కింద శాలువా కప్పించుకున్న తన ఫొటో, దాని కింద ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దల పేర్లు వేయమన్నాడు. శుభలేఖ అచ్చు వేయిస్తున్నాననుకున్నాడు కాబోలు.

"నీ శాలువా చూడ్డానికి ఎవలొస్తారు మావయ్యా? ఫోను చేసినోళ్ళు నిన్నేటడుగుతారో అది చెప్పు," అంది హైమ.

"ఏటడుగుతారు? షుగరోళ్ళకి మెత్తటి చెప్పులున్నాయా అంటారు. ఏలు తీసేసినోళ్ళకి కుడతావా అంటారు. అరికాలు మంటెడతంటే ఏటెయ్యాలంటారు."

"అదే రాద్దాం. ఆళ్ళ మాటల్లోనే."

అలాగే రాసింది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ ఇచ్చింది. లోపల ఏముందో పైన పేరు కూడా అదే పెట్టింది. ఫొటో కింద అది ఏ చెప్పో, ఎవరికి పనికొస్తుందో రెండు ముక్కలు చేర్చింది. కొట్టు చిరునామా, ఫోను నంబరు ఎక్కడ చూసినా ఒకేలా ఉండేట్టు చూసింది. బరువైన బొమ్మలన్నీ పీకేసింది, నాసిరకం ఫోనులో కూడా నేను చటుక్కున తెరుచుకోవాలని. సెర్చి ఇంజనుకు శాలువాలతో పని లేదు. అడిగినదానికి ఎవరు తిన్నగా జవాబు చెబుతున్నారో చూసి వాళ్ళను ముందుకు తెస్తుంది. దానికి కాస్త ఓపిక పట్టాలి. పట్టాక ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. విశాఖపట్నంలో పాదాల డాక్టరొకాయన తన ఆసుపత్రి పేజీలో, చెప్పులకు వీరిని చూడండి అంటూ నా చిరునామా పెట్టాడు. అలాంటివాళ్ళ మాట సెర్చి ఇంజను దగ్గర బాగా చెల్లుతుంది. ఆ రోజుల్లో నేను శుభ్రంగా ఉండేదాన్ని.

కానీ మనిషికి తాను బాగుంటే సరిపోదు, పక్కవాడి కంటే బాగుండాలి. మెయిన్‌రోడ్డులో ఇంకో చెప్పుల కొట్టు పేరు సెర్చిలో తన పేరుకు పైన కనిపిస్తోందని గవర్రాజుకు అన్నం సహించలేదు. అప్పుడు దాపురించాడు ప్రణీత్ అనే ఏజెంటు. నెల తిరిగేసరికి మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు. గ్యారంటీ అన్న మాట వినగానే మనుషులకు ఆలోచన ఎందుకు ఆగిపోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

'అనకాపల్లి షుగరు చెప్పులు కావాలా, అనకాపల్లిలో మేటి షుగరు చెప్పులు మా అనకాపల్లి షుగరు చెప్పులే' అని నా నోట్లో కుక్కాడు. కొట్టు లేని ఊళ్ళ పేర్లన్నీ తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో దాచిపెట్టాడు, మనుషులకు కనబడకుండా యంత్రానికి మాత్రమే కనబడాలని. దిక్కుమాలిన సైట్లన్నీ నన్ను మెచ్చుకుంటున్నట్టు లింకులు కొనిపించాడు. దొంగ పొగడ్తలు రాయించాడు. అందులో ఒకడు 'బిర్యానీ అదిరింది, మళ్ళీ వస్తాం' అని రాశాడు. చెప్పుల కొట్టుకు! ఒళ్ళంతా ఎంగిలి పూసినట్టు ఉండేది నాకు.

"ఇదేటి మావయ్యా, ఒక్క ముక్క చదవలేకపోతన్నాను," అంది హైమ.

"నువ్వు చదవడానికి కాదే, మిషను చదవడానికి," అన్నాడు గవర్రాజు.

మిషను చదివింది. కొన్నాళ్ళు పైకెక్కించి, మోసం పసిగట్టాక ఎక్కడా కనబడకుండా అడుక్కి తొక్కేసింది. ఫోన్లు ఆగిపోయాయి. ప్రణీత్ ఫోను కూడా ఆగిపోయింది. చేసిన చెత్త కడిగి, మళ్ళీ తిన్నగా నడుచుకుంటే కోలుకునేదాన్ని. గవర్రాజు అది మానేసి సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాడు. కొట్టు పేరుకు బలం లేదని ఆయన చెప్పాడు. కొట్టుకు కొత్త పేరు పెట్టారు, కొత్త వెబ్‌సైటూ పెట్టారు.

"పాతదాన్ని ఒదిలీకు మావయ్యా. దానికొచ్చినోళ్ళు కొత్తదానికి ఎల్లేలాగ నేను పెడతాను. ఏటేటా దాని చిరునామాకి కట్టేది కట్టి నీ పేరనే ఉంచు," అని హైమ బతిమాలింది.

"అచ్చిరాని ఇంటికి అద్దె కట్టమంటావేటే?" అన్నాడాయన.

గడువు దాటింది, నేను అనాథనయ్యాను. వెంటనే ఎవరో నా చిరునామాను కొనుక్కున్నారు. ఎందుకనుకున్నారు? డాక్టరుగారి పేజీలో నా చిరునామా ఇంకా ఉంది. ఆ మంచి పేరు కోసం కొన్నారు. చెప్పుల బొమ్మలు తీసేసి షుగరును సమూలంగా పోగొడుతుందనే పొడి డబ్బాలు పెట్టారు. అందులో ఏముందో అమ్మేవాళ్ళకే తెలియదు. హైమ చూసి ఆసుపత్రికి ఫోను చేసి ఆ లింకు తీసేయమంది. చూస్తాం అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

నిన్న డాక్టరుగారి పేజీ నుంచే ఒకామె వచ్చింది. "మా నాన్నకి షుగరండి. మడమకాడ పుండు పడింది. ఏ చెప్పులెయ్యాలండి?" అని చాట్ పెట్టెలో టైపు చేసి అడిగింది.

నా నోట్లో వాళ్ళు పెట్టిన జవాబు తయారుగా ఉంది. "చెప్పులు అక్కర్లేదమ్మా. మాత్రలు ఆపేసి మా పొడి వాడండి."

పారిపో తల్లీ అని అరుద్దామంటే నాకు నా మాటంటూ ఏదీ లేదు.

"ఇది డాక్టరుగారు చెప్పిన కొట్టే గదండి?" అని మళ్ళీ అడిగింది.

"అవునమ్మా," అన్నాను.

ఆర్డరు పెట్టేసింది.