గీత పడని కారు

సన్యాసిరాజు ముప్పై ఏళ్ళు స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. ఉక్కు మీద ఉన్నంత నమ్మకం ఆయనకి దేవుడి మీద కూడా లేదు. కారు కొన్న మర్నాడే గాజువాక తీసుకెళ్ళి, వెనకాల ఇనప గొట్టాలతో గార్డు వెల్డింగు చేయించాడు. సీట్ల హెడ్‌రెస్టులు మాత్రం మాసిపోతాయని పీకేసి, ప్లాస్టిక్ కవర్లతో సహా అటకెక్కించాడు.

ఓ రోజు వన్‌టౌన్‌లో రోడ్డు వార కారాపి, ఆయన దిగి పుచ్చకాయలు తట్టి చూస్తున్నాడు. భార్య గంగాభవాని ముందు సీట్లో కూచునుంది. పోర్టు లారీ ఒకటి వచ్చి వెనకనించి గుద్దింది. సన్యాసిరాజు లగెత్తుకొచ్చి, తిన్నగా కారు వెనక్కే వెళ్ళాడు.

"సూసావా! గీతైనా పళ్ళేదు!" అని లారీ డ్రైవరుకే చూపించి మురిసిపోయాడు.

పదిరోజులు కాలనీ అంతటికీ ఆ గార్డు చూపించాడు. ఇంట్లో గంగాభవాని చేతిలోంచి గరిటె జారిపోతోంది.

"మెడ పట్టేసింది బావా, సెయ్యి తిమ్మిరెక్కతంది."

"కారుకే ఏటీ అవనేదు, లోపల కూకున్న నీకేటవుద్దే?" అని కొట్టిపారేశాడు. దెబ్బ తగిలితే సొట్ట పడాలి, సొట్ట లేకపోతే దెబ్బే లేదు. ఇదీ ఆ మహానుభావుడి శాస్త్రం!

పదకొండోనాడు మరిగే పులుసు గిన్నె జారి కాళ్ళ మీద పడబోయింది. అప్పటికిగానీ సీతమ్మధార ఆస్పత్రికి కదల్లేదు.

డాక్టర్ ఆశాజ్యోతి స్కానింగు చూసి, జరిగిందంతా విని అంది: "బంపర్ నలగాలండీ. నలిగితే దెబ్బ కొంత అక్కడే ఆగుతుంది. మీ గార్డు నలక్కుండా ఆ కుదుపంతా సీటుకిచ్చేసింది. సీటు ఈవిడ ఒంటిని ముందుకి తోసింది, తల వెనకే ఉండిపోయింది. మధ్యలో మెడ నలిగింది. అలాంటప్పుడు తలని ఆపడానికే హెడ్‌రెస్టు. అదెక్కడుంది?"

"అటక మీదుందండి. కవరైనా సిరగలేదు," అన్నాడు సన్యాసిరాజు, అలవాటు కొద్దీ కాస్త గర్వంగానే.

డాక్టరు గంగాభవాని మెడకి పట్టీ బిగించింది. "నరం నొక్కుకుపోయింది. చేతిలో పట్టు పూర్తిగా తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను."

బయటికొచ్చాక ఆయన కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఆటోని పిలిచింది.

"పదిరోజులూ ఆ ఇనపగొట్టాన్ని ఒంగి ఒంగి సూసావు బావా. నా మెడ మీద ఒక్కసారి సెయ్యేసి సూసావేటి?"

ఆటో కదిలింది. సన్యాసిరాజుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆటో వెనకే కారు నడుపుతూ, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని దారంతా ఆశపడ్డాడు. ఎంత కోపం కాకపోతే ఒక్కసారైనా చూడదూ అనుకున్నాడు. అసలు ఆ మెడ తిరగదన్న సంగతి, ఇల్లు చేరేదాకా ఆయనకి తట్టనే లేదు.