ఓరచూపుకు దొరికిన తారాగుచ్ఛం

రోడాకు రెండు కళ్లలోనూ నడిమి చూపు పోయింది. ఎటు చూస్తే అటు ఒక బూడిదరంగు మచ్చ అడ్డం వచ్చేది. పెరట్లోని టెలిస్కోపు మీద దుప్పటి కప్పి, రెండేళ్లుగా దాని జోలికే పోలేదామె.

ఆ మే నెలలో డెన్వర్ నుంచి తమ్ముడు వెర్నన్ కెమెరాతో దిగాడు. డెన్వర్‌లో ఒమేగా సెంటారీ అనే తారాగుచ్ఛం కొండలు దాటి పైకి రాదు. న్యూమెక్సికో దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న అక్క పెరట్లోంచైతే దక్షిణాన కాస్త ఎత్తులో కనిపిస్తుంది. లక్షల నక్షత్రాలు బంతిలా గుమిగూడిన గుచ్ఛమది.

టెలిస్కోపుకు కెమెరా బిగించి, తీసిన ఫోటోను లాప్‌టాప్‌లో చూపించాడు వెర్నన్.

"ఎలా ఉందక్కా?"

"అంచుల్లో చుక్కలున్నాయి. మధ్యలో ఏదిరా నీ గుచ్ఛం?"

అతను లాప్‌టాప్ మూసేశాడు. కెమెరా విప్పేసి, కళ్లతో చూసే కటకం పెట్టాడు.

"నువ్వే చూడు."

"గుడ్డిదాన్ని ఏడిపించడానికి అంత దూరం నుంచి వచ్చావా?"

"వంటింట్లో బీన్స్ మాడుతున్నాయి, నేను పోతున్నా!" అంటూ లోపలికి పరిగెత్తాడు.

ఒంటరిగా మిగిలిన రోడా, వాడి మీద కోపంతోనే కన్ను ఆనించింది. అదే బూడిద. ఎడమవైపు పొదల్లో ఎక్కడో నక్క కూసింది. తల కదల్చకుండా కనుపాప మాత్రం అటు తిప్పింది.

చూపు అంచున వెలుగు పొడిపొడిగా రాలింది.

మళ్లీ సూటిగా చూస్తే మాయమైంది. చూపు పక్కకు తిప్పితే నిండుగా వచ్చింది. పిండి జల్లెడ పడుతున్నట్టు, అడుగు లేని చీకట్లో చుక్క వెనక చుక్క. మసక వస్తువును సూటిగా చూడొద్దని, ఓరగా చూడాలని నక్షత్రాలు చూసేవాళ్ల క్లబ్బుకొచ్చే కొత్తవాళ్లందరికీ తనే నేర్పింది. తన దాకా వచ్చేసరికి ఆ మాటే గుర్తుకు రాలేదు.

వెర్నన్ పళ్లెం పట్టుకొచ్చేసరికి ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా అతను పట్టుకొచ్చిన ఎర్రలైటు వెలుగులో, అతని చెవి పక్కకు చూపు నిలిపింది.

"గడ్డం ఎప్పుడు నెరిసిందిరా నీకు?"

"కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు. అందగాడివేం కాదులే, ఏడవకు."

తర్వాత అతను కెమెరా మళ్లీ బిగించలేదు. కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. రోడా చల్లారిన బీన్స్ ముట్టుకోలేదు. గుచ్ఛం పడమటికి ఒరుగుతూ మెక్సికో కొండల మీదికి జారింది. ఒక్కో నక్షత్రమే మసకబారి రాళ్ల వెనక్కి దిగుతుంటే, అది ఉన్నచోటికి కొంచెం పక్కగా, చివరి చుక్క దాకా చూస్తూ కూర్చుంది.