ఒక కాగితానికి ఒక కోరిక

నాలుగో అర్జీ మధ్యలో ఖలీలుల్లా పెన్ను ఆపాడు.

"రెండు చెప్పినావు. నేను ఒకటే రాస్తాను. ఏది తీసేయమంటావు?"

కలిగిరి నుంచి వచ్చిన లారీ డ్రైవరు తల గోక్కున్నాడు. సొంత బండి కావాలన్నాడు, బిడ్డ కావాలన్నాడు. బిడ్డ మాట ఎత్తినప్పుడు అతని గొంతు మారింది. ఖలీలుల్లా ఇక అడగలేదు. బిడ్డ అనే రాసి, ఇంకు ఆరేదాకా ఊది, కాగితం చేతికిచ్చాడు. డ్రైవరు దాన్ని చుట్టి దారం కట్టి, దర్గా కిటికీ జాలీకి ముడి వేయడానికి లోపలికి పోయాడు.

ఇరవై రెండేళ్ళుగా అదే పని. పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కడం, అనుమసముద్రంపేటలో దిగడం, దర్గా బయటి గోడ వార గోనెపట్టా పరుచుకోవడం. తొడల మీద చెక్క పలక, పలక మీద కాగితాలు, గాలికి ఎగరకుండా వాటి మీద ఒక కొయ్య గరిటె. ఎముకలకు చొక్కా తగిలించినట్టుండే మనిషి. చూపుడువేలి కొన నీలంగా మారి, ఎంత రుద్దినా తెల్లబడేది కాదు. నవ్వడం ఎవరూ చూడలేదు. వీధిబడిలో ఐదో తరగతి దాకా చదివాడు కానీ అక్షరం ముత్యం. మిగతా రాతగాళ్ళు చెప్పినవన్నీ రాసి పంపేవాళ్ళు. అతని దగ్గర మాత్రం ఒక కాగితానికి ఒక కోరికే. చచ్చినవాళ్ళు తిరిగి రావాలని ఎవరెంత ఏడ్చినా రాయడు. జనం తిట్టుకుంటూనే అతని ముందు కూర్చునేవాళ్ళు.

ఆ గురువారం ఎడమ భుజానికి రాయి కట్టి వేలాడదీసినట్టుంది. మూడు రోజుల కిందట ఆత్మకూరు డాక్టరు ఛాతీ మీద గొట్టం ఆనించి విని, వెంటనే నెల్లూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. తోడెవరని అడిగాడు. ఎవరూ లేరన్నాడు ఖలీలుల్లా. ఇంటికొచ్చి పడుకుంటే ఒక్కటే ఆలోచన. ఇన్ని వేలమంది నోటినుంచి వాళ్ళకు కావలసింది లాగాడు. తనకేం కావాలో తనకు తెలియదు. తెలియకుండానే పోతాడా? ఈ రోజు తన అర్జీ తను రాసుకోవాలి. రేపటి మీద అతనికి నమ్మకం లేదు.

తరవాత వచ్చింది వరదమ్మ, కొండాపురం పక్క పల్లె. అరికాళ్ళు బీడునేలలా పగిలి ఉన్నాయి. మొగుడు ఇల్లు విడిచి మూడేళ్ళయిందనీ, తిరిగి రావాలని రాయమనీ చెప్పింది.

"వస్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? అన్నం పెడతాను."

"తిన్నాక?"

వరదమ్మ ఎడమ మోచేతి మీద పాత మచ్చను కొంగుతో కప్పింది. వెనకున్నవాళ్ళు తొందరపెట్టారు. ఖలీలుల్లా పెన్ను ఎత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"రావద్దని రాయి సాయిబూ" అంది చివరికి, ఎవరికీ వినపడకుండా.

రాశాడు. ఆమె కాగితం కళ్ళకద్దుకుని లేచింది, లేచినదల్లా ఆగింది.

"ఇంతమందిని అడుగుతావే, నువ్వేం రాసుకున్నావు?"

"నాకేమీ అక్కర్లేదు."

"అక్కర్లేనోడివి పొద్దుగూకులూ ఇక్కడెందుకు కూచోనుండావు?" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. ఖలీలుల్లా కొత్త కాగితం తీసి తన పేరు, తండ్రి పేరు, ఊరు ఆత్మకూరు అని రాశాడు. టీ తెచ్చిన తిరుపాలు తొంగిచూసి, "నీ అర్జీ నువ్వే రాసుకుంటే కూలెవరిస్తారు సాయిబూ?" అన్నాడు. తిరుపాలు గ్లాసు అక్కడ పెట్టి పోయాడు.

గుండె నొప్పి తగ్గాలి అని రాశాడు. తగ్గితే ఏం చేస్తావు? రేపు ఇదే గోనెపట్టా మీద కూర్చుంటాడు. కొట్టేశాడు.

కొడుకు అని రాశాడు. అరవై దాటినవాడికి తన శవం మోయడానికి తప్ప కొడుకెందుకు? కొట్టేశాడు.

బావమరిది రహమతుల్లా వచ్చి తన కాళ్ళు పట్టుకోవాలి. ఇది రాసేటప్పుడు పెన్ను కాగితాన్ని చీల్చింది. భార్య కరీంబీని మట్టి చేసిన రోజు వాడు నలుగురిలో, కామెర్లు ముదిరేదాకా నువ్వు దాని ముఖమే చూడలేదు అన్నాడు. ఆ మాటకు పన్నెండేళ్ళు ఉదయగిరి గడప తొక్కలేదు. సరే, వాడొచ్చి కాళ్ళు పట్టుకుంటాడు. అప్పుడు? వాడన్నది అబద్ధమైపోతుందా?

అది కొట్టేయడానికి చాలాసేపు పట్టింది.

ఇక మిగిలింది కరీంబీ తిరిగి రావడం. అది ఎవరికీ రాయడు, తనకూ రాయడు. చేయి కొయ్య గరిటె మీద పడింది. పెళ్ళినాడు ఆమె ఉదయగిరి నుంచి తెచ్చుకున్న గరిటె. పిడి మీద ఆమె వేళ్ళు అరగదీసిన పల్లం ఇంకా ఉంది.

చనిపోయిన ఏడాదే, ఇలాంటి గురువారమే, ఆమె అన్నం క్యారియరుతో బస్సెక్కి వచ్చింది. పిలవకుండా వరసలో కూర్చుంది. తన వంతు రాగానే ముసుగు సర్దుకుని, "నన్నూ అడగండి, అందర్నీ అడిగినట్టే" అంది. అతను వేళాకోళం అనుకున్నాడు. అయినా ఆమె పేరు, తండ్రి పేరు, ఊరు రాసి, కోరిక ఏందన్నాడు. ఆమె వెనకవాళ్ళను చూసి, "వీళ్ళు పోనీ, చెప్తాను" అంది.

"గిరాకీ టైములో ఏంది ఇది? ఇంటికి పోయినాక చెప్పుదువులే."

కాగితం దండగని ఆమె పేరు కొట్టేసి, కిందనే వెనకున్నవాడి పేరు రాశాడు. ఆమె చూస్తూనే ఉంది. క్యారియరు అక్కడ పెట్టి లేచింది. ఇంటికి పోయినాక అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాలుగు నెలలకు చెప్పడానికి మనిషే లేదు.

ఖలీలుల్లా తన కాగితాన్ని ఉండచుట్టి పారేశాడు. ఇంకొకటి తీశాడు, తెల్లటిది, అంచు నలగనిది. చెమట చుక్క పడకుండా చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు. అక్షరం ఎప్పటిలాగే ముత్యంలా పడింది. కరీంబీ. తండ్రి పేరు. ఊరు ఉదయగిరి. కోరిక.

పెన్ను అక్కడ ఆగింది.

పట్టుచీరా? ఆమె ఎప్పుడూ అడగలేదు. పిల్లలా? మాట్లాడే మొగుడా? తన నుంచి విడుదలా? వరదమ్మ కొంగు కింద మచ్చ గుర్తొచ్చింది. తను ఎన్నడూ చేయెత్తలేదు. చేయెత్తనందుకే మంచివాణ్ననుకున్నాడు. పదమూడేళ్ళ కాపురం తిరగేసి వెతికాడు. కాగితం మీద పెట్టడానికి ఒక్క మాట దొరకలేదు.

ఆత్మకూరు బస్సు హారను కొట్టింది. తిరుపాలు ఖాళీ గ్లాసు కోసం వచ్చాడు. టీ తాకకుండానే ఉంది.

"బస్సు పోతాది సాయిబూ, లే."

"ఉండబ్బా. ఒకరిది మిగిలిపోయుండాది."

తిరుపాలు కండక్టరుకు ఆగమని సైగ చేసి వెనక్కి తిరిగాడు. అంతలోనే ఖలీలుల్లా తల గోడకు ఆనింది. పెన్ను గోనెపట్టా మీద దొర్లింది. తిరుపాలు రెండుసార్లు పిలిచాడు. భుజం పట్టుకుని కదిపాడు. తరవాత తన తుండు తీసి అతని ముఖం మీద కప్పి, మనుషుల కోసం బస్సు వైపు నడిచాడు.

పలక మీద కొయ్య గరిటె కింద కాగితం అంచు గాలికి లేచి పడుతోంది. కరీంబీ పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, ఊరు ఉంది. కోరిక అన్న మాట తరవాత అంతా తెల్లగా ఉంది.