పదో ముక్క

"దులిపితే చాలు, చదువుతూ కూర్చోకు. పస్కా పండుగకి ఇంకా పదహారు రోజులే ఉన్నాయి," అని చెప్పి నఫ్తాలి నల్లటోపీ పెట్టుకుని తను పనిచేసే బడికి వెళ్ళిపోయాడు.

షిఫ్రా స్టూలెక్కి పై అరలోంచి ఒక్కొక్క పుస్తకమే తీసి, తలకిందులుగా పట్టుకుని, కింద పరిచిన పాత దుప్పటి మీద దులపసాగింది. పండుగ ఎనిమిది రోజులూ ఇంట్లో పులిసిన పిండితో చేసినది రవ్వంత కూడా ఉండకూడదు. నఫ్తాలికి చదువుతూ బిస్కెట్లు తినే అలవాటు. ముప్పై నాలుగేళ్ళుగా అతడు తింటాడు, ఆమె దులుపుతుంది. బీరువాలైపోయాయి, పరుపులైపోయాయి, కోటు జేబులన్నీ తిరగేసింది. కిటికీ బయట ట్రాము పోతున్న చప్పుడు. పండుటాకులు గాలికి లేచి అద్దానికి తగులుతున్నాయి. ఇవాళైనా కిటికీ అంచులు తుడవాలి అనుకుంది.

మూడో అరలో, పెద్ద గ్రంథాల వెనక, దారం కట్టిన పల్చటి పుస్తకం ఒకటి ఉంది. కొత్త సిరా వాసన. అట్ట మీద 'వంటింటి వెలుగులు' అని, కింద నఫ్తాలి పేరు. మొదటి పేజీలో, 'ఈ మాటలన్నీ నాకు నేర్పిన మా అమ్మ పెరెల్‌కి' అని ఉంది.

భర్త పుస్తకం రాశాడని ఆమెకు తెలియదు. విశ్రాంతిదినమైన సబ్బాతు సాయంత్రాలు సినగాగులో, అంటే ప్రార్థనామందిరంలో, ప్రసంగాలు చేస్తాడని తెలుసు. ఆ ప్రసంగాల వేళకి ఆమె ఇంట్లో ఎంగిలి పళ్ళేలు సర్దుతూ ఉండేది. చదవొద్దన్నాడు కదా అని పక్కన పెట్టబోయి, ఎందుకో మధ్యలో తెరిచింది. 'కూరాకులో పురుగులు ఏరేటప్పుడు మా అమ్మ అనేది: ప్రభూ, నా మనసులో కూడా ఇలా ఒక్కొక్క ఆకే తిప్పి చూడు, వెతికేటప్పుడు మాత్రం చింపకు.'

షిఫ్రా స్టూలు దిగి కూర్చుంది.

అది ఆమె మాట. పెళ్ళయిన కొత్తలో, వంటింట్లో సింకు పక్కన నిలబడి అన్నది. షిఫ్రా వాళ్ళ అమ్మమ్మ అలాగే ఆడవాళ్ళ ప్రార్థనలు ఇంటి భాష యిడ్డిష్‌లో గొణుక్కుంటూ పని చేసేది. ఆవిడ మాటలు ఆవిడవి, షిఫ్రా మాటలు షిఫ్రావి. మగవాళ్ళ ప్రార్థనలకు పుస్తకాలున్నాయి, లెక్కకి పదిమంది మగవాళ్ళుండాలి. వీటికి పిండి చాలు, నీళ్ళు చాలు. శుక్రవారం పొద్దున్న రొట్టెల పిండి కలిపి, అందులోంచి చిటికెడు తీసి దేవుడి పేర పొయ్యిలో కాల్చేటప్పుడు ఆమెకు నోరు తెరుచుకునేది. వారమంతటిలో ఆమెతో ఎవరూ పనుండి మాట్లాడని పావుగంట అదే. నఫ్తాలి టీ గ్లాసు పట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. "ఇందాక ఏమన్నావు? మళ్ళీ చెప్పు," అనేవాడు. సిగ్గుపడుతూ చెప్పేది. ఆమె మాటని మళ్ళీ చెప్పమని ఈ ఇంట్లో ఇంకెవరూ ఎన్నడూ అడగలేదు. ఉప్పెక్కువైందని చెప్పారు, చొక్కా గుండీ ఊడిందని చెప్పారు. మళ్ళీ చెప్పు అన్నవాడు అతనొక్కడే. దాన్నే ఆమె ప్రేమ అనుకుంది. ఎవరైనా చుట్టాలు 'మీ ఆయన నిన్ను బాగా చూసుకుంటాడా' అంటే ఆమెకి ముందు ఆ గుమ్మమే గుర్తొచ్చేది.

ఒక్కొక్క పేజీ తిప్పింది. మాంసానికి ఉప్పు పట్టించేటప్పుడు అన్నది. దీపాలు వెలిగించి కళ్ళు మూసుకున్నప్పుడు అన్నది. ఇరవై ఏడో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

వాళ్ళ కూతురు టోవా పదకొండు రోజులు బతికింది. ముప్పై రోజులు నిండని బిడ్డకి ఏడు రోజుల సంతాపం పాటించక్కర్లేదని పెద్దలు చెప్పారు. కింద కూర్చోవడం లేదు, అద్దాలు కప్పడం లేదు, పలకరించడానికి ఎవరూ రాలేదు. "ఇంకా చిన్నదానివి, మళ్ళీ కంటావులే," అంది అత్తగారు. మళ్ళీ ఇద్దరు మగపిల్లలు పుట్టారు, పెరిగి వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి పోయారు. టోవా పోయిన మూడో రోజు శుక్రవారం. సబ్బాతు ఆగదు కదా అని షిఫ్రా పిండి కలిపింది. పాలు వచ్చి రవికె తడిసిపోతుంటే, చిటికెడు పిండి వేళ్ళ మధ్య పట్టుకుని అంది: 'ప్రభూ, నువ్వు చిటికెడే అడుగుతావని చెప్పారు. నా ముద్దంతా తీసుకున్నావు. నీమీద కోపం లేదని అబద్ధం ఆడలేను. అయినా పిండి పొంగుతూనే ఉంది, చూడు. టోవాని జాగ్రత్తగా చూసుకో.' ఆ బిడ్డకి జరిగిన సంతాపమంతా అదే. ఆ రోజు కూడా నఫ్తాలి గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆ ఒక్క రోజు మళ్ళీ చెప్పమనలేదు. అడక్కుండా ఊరుకున్నందుకు ఇన్నేళ్ళూ లోలోపల అతనికి దణ్ణం పెట్టుకుంది. అడగక్కర్లేకపోయిందన్నమాట, అప్పుడే కంఠతా వచ్చేసింది.

పేజీలో టోవా లేదు. 'బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి గురించి మా అమ్మ చెప్పేది' అని మొదలైంది. కోపం ఉన్నచోట 'నీ నిర్ణయానికి తలవంచుతున్నాను' అని ఉంది.

సాయంత్రం దాకా ఆగలేక, పక్కగదిలో బంగాళాదుంపలు ఒలుస్తున్న అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, ఈ పుస్తకం మీరు చూశారా?"

పెరెల్ ముఖం వెలిగిపోయింది. ఆవిడకి ఎనభై ఆరు. "చూడకేం! చదివి ఏడ్చాననుకో. ఇవన్నీ నేనెప్పుడన్నానురా అని అడిగాను. నువ్వు మర్చిపోయావమ్మా అన్నాడు. ఈ వయసులో మర్చిపోకుండా ఉంటానా? అయినా ఎంత మంచి మాటలు చెప్పానో చూడు! ఆ రోజుల్లో నాకు పొయ్యి రాజెయ్యడానికే ఊపిరాడేది కాదు."

"అవి నేనన్నవి అత్తయ్యా."

వృద్ధురాలు కత్తి ఆపి కోడలి వంక చూసింది. తర్వాత చూపు దుంప మీదకి తిప్పుకుంది. "నీ నోట్లో ఉన్నన్నాళ్ళూ పిండిలో ఉప్పులా ఉండిపోయాయి. వాడి నోట్లో పడ్డాక పుస్తకమయ్యాయి. ఉండనీ అమ్మాయ్. నా పేరు కూడా ఎక్కడో ఒక చోట అచ్చవ్వనీ." ఆ చివరి మాటకి షిఫ్రాకి కోపం రాలేదు. అదే ఆమెని ఇంకా బాధపెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర షిఫ్రా ఆ పుస్తకం తెచ్చి సూపు గిన్నె పక్కన పెట్టేసరికి నఫ్తాలి అడ్డంగా దొరికిపోయాడు. కానీ దొరికినవాడిలా లేడు.

"నీకు చెబుదామనే అనుకున్నా. పండుగ నాడు సినగాగులో పంచుతాం, మూడు వందల కాపీలు. అప్పుడు చూసి సంతోషిస్తావనుకున్నా."

"నా మాటలు మీ అమ్మగారివని రాశారే?"

"భార్య వంటింట్లో గొణిగిందంటే నలుగురూ ఏమనుకుంటారు? తల్లి అంటే ఆ గౌరవం వేరు. అయినా అవి మాటలా షిఫ్రా? గొణుగుడు. నేను వాటికి ఒక రూపం ఇచ్చాను. నువ్వు పిండి ఇచ్చావు, నేను రొట్టె చేశాను."

"ఈ ఇంట్లో రొట్టె ఎప్పుడైనా మీరు చేశారా?"

అత్తగారు ఫక్కున నవ్వి, కొడుకు ముఖం చూసి దగ్గులోకి మార్చుకుంది.

"ఇరవై ఏడో పేజీ ఒక్కటి తీసెయ్యండి," అంది షిఫ్రా. "లేదంటే దాని పేరు పెట్టండి. నేనన్నది అన్నట్టు పెట్టండి. మిగతావన్నీ మీరే ఉంచుకోండి."

"దేవుడి మీద కోపమని అచ్చు వెయ్యమంటావా? నన్ను బళ్ళో ఉండనిస్తారా? ఇంక అచ్చయిపోయింది. రేపు పుస్తకాల పెట్టెలు వస్తాయి, హాల్లో పెట్టించు. పండుగలోపు ఆ మూల కూడా శుభ్రం చేసెయ్యి, అట్టపెట్టెల్లో ఏమేం ఉంటాయో."

పెట్టెలు వచ్చాయి. షిఫ్రా నాలుగు మధ్యాహ్నాలు హాల్లో వాటి పక్కన కూర్చుంది. కిటికీ అంచులు అలాగే ఉండిపోయాయి. పొయ్యి వెనక గోడ తోమలేదు. ఏం చేస్తున్నావని అత్తగారు అడిగితే, "మీ అబ్బాయి పెట్టెలు శుభ్రం చెయ్యమన్నారు," అంది. పెరెల్ దగ్గరికి వచ్చి తొంగి చూసింది. కాసేపటికి తన గదిలోంచి ఇంకో పెన్ను తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

పండుగ ముందురోజు చీకటి పడుతుండగా ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశారు. నెల రోజులు ఆమె ఊడ్చి తుడిచిన ఇంటిని, పులిసినది ఏమైనా మిగిలిందా అని, ఆచారం ప్రకారం మగవాడు కొవ్వొత్తి పట్టుకుని వెతకాలి. ఏమీ దొరక్కపోతే అతని ప్రార్థన వృథా పోతుందని, పది రొట్టెముక్కలు కాగితాల్లో చుట్టి ఆమే దాచాలి. అతను బాతు ఈకతో వాటిని చెక్క గరిటెలోకి ఎత్తాలి, పొద్దున్న కాల్చాలి. ఏటా సులువైన చోట్లే పెట్టేది, అతనికి నడుం నొప్పి అని.

నఫ్తాలి ప్రార్థన చదివి బయల్దేరాడు. కిటికీ మీద ఒకటి, గడియారం కింద ఒకటి. తొమ్మిది దాకా చకచకా దొరికాయి. పదోది లేదు. మంచం కింద దూరాడు. ఎన్నడూ తెరవని వంటింటి అరలు తెరిచాడు. మోకాళ్ళ మీద పాకి పొయ్యి వెనక చూశాడు. కొవ్వొత్తి వేలెడయింది.

"అమ్మా, నువ్వు చూశావా?"

"దాచింది అది. దాన్నే అడుగు," అంది పెరెల్ చీకట్లోంచి.

"షిఫ్రా, ఎక్కడ పెట్టావు?"

"మీ పుస్తకంలో."

అతను హాల్లో బల్ల మీది కాపీ తీసి, తలకిందులుగా పట్టుకుని దులిపాడు. ఏమీ రాలలేదు. ఇంకోసారి గట్టిగా విదిలించాడు.

"ఇందులో ఏమీ లేదు!"

"దులిపితే రాదండీ. కుట్టాను. పేజీలు తిప్పాలి."

తిప్పాడు. ఇరవై ఏడో పేజీకి పల్చటి రొట్టెపొర, కాగితంలో, నల్లదారంతో నాలుగు కుట్లు. దాని పక్కన 'ఒక తల్లి' కొట్టేసి, 'టోవా తల్లి షిఫ్రా' అని ఉంది. 'తలవంచుతున్నాను' మీద గీత. అంచు పొడుగునా, సరుకుల చీటీలు తప్ప రాసి ఎరగని చేతిరాతలో, ఆ శుక్రవారపు మాటలు.

"ఇది... ఇదొక్కదాంట్లోనే కదా?"

"కుట్టు ఒక్కదాంట్లోనే. రాత మూడు వందలకీ."

నఫ్తాలి పెట్టెల వైపు చూశాడు. కొవ్వొత్తి మైనం వేలి మీద కారుతున్నా చెయ్యి మార్చుకోలేదు.

షిఫ్రా వంటింట్లోకి వెళ్ళి, ఫ్లాస్కులోంచి టీ వంచుకుని, గ్లాసు పట్టుకుని వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"చదవండి," అంది. "పైకి. నేను మళ్ళీ చెప్పమంటే, మళ్ళీ చెప్పాలి."