నిన్నటి తేదీతో సంతకం

"మళ్ళీ మెడ బోసిగా పెట్టుకుని బయల్దేరావా?"

పొద్దున్నే మా అత్తగారు తెరేసమ్మగారి మొదటి పలకరింపు ఇది. ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో బాక్సులు సర్దుతున్న నాకు రెండేళ్ళుగా ఇదే పాట. "ఫాదర్‌గారు ప్రార్థన చేసిచ్చిన పుస్తెలమ్మాయ్! మొగుడు బతికుండగా ఎవరన్నా తీస్తారా?" అంటుంది. మొగుడు నిక్షేపంగా బతికే ఉన్నాడు. హాల్లో కూర్చుని కాఫీలో పంచదార తక్కువైందని అరుస్తున్నాడు.

ఎన్నిసార్లు చెప్పాను వీళ్ళకి! చల్లపల్లి దారిలో మా కంపెనీ కడుతున్నది పెద్ద బ్యాటరీ కేంద్రం. లారీ కంటైనర్లంత పెట్టెలు నలభై, వాటి నిండా బ్యాటరీలు. పగటిపూట సోలార్ కరెంటు దాచి సాయంత్రం ఊళ్ళకి ఇవ్వడానికి. ఇంట్లో కరెంటైతే మెయిన్ ఆపేయొచ్చు. ఛార్జ్ ఉన్న బ్యాటరీని ఆపడం ఎవరి తరమూ కాదు. గొలుసో ఉంగరమో దాని రెండు కొసలకీ తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, ఒంటిమీద ఉండగానే. అందుకే గేటు దగ్గర ప్రతి ఒక్కరి చేతా ఒంటిమీది లోహమంతా తీయించి, పర్మిట్ మీద సంతకం పెట్టడం సేఫ్టీ ఆఫీసర్‌గా నా పని. ఆ సంతకం లేనిదే ఎవరూ లోపలికి పోకూడదు. మగాళ్ళ మొలతాళ్ళకున్న వెండి బిళ్ళలు కూడా తీయించేదాన్ని, నేను తాళి వేలాడేసుకుని ఏ మొహంతో చెప్పను? ఇదంతా విని మా ఆయన జాన్ పాల్ ఏమన్నాడో తెలుసా? "ఏదో రాకెట్లు ఎగరేస్తున్నట్టు చెప్తావే! బ్యాటరీలకి కాపలా, అంతేగా." మా భవానీపురం ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్ళు ఎక్కడ పోయాలో కూడా ఆయనకి తెలీదు. అదీ నా పనే.

బుధవారం నాడు టెక్నీషియన్ యేసుకుమార్ గేటు దగ్గర ఆగిపోయాడు. "పెళ్ళయి పదిహేను రోజులేనండీ మేడమ్. ఉంగరం బిగుసుకుపోయింది, రావట్లేదండీ" అన్నాడు. పర్మిట్ పక్కన పెట్టేసి, "సబ్బు రాసి తీద్దాం, ఇక్కడే ఉండు" అని ఆఫీసు గదికి వెళ్ళాను. సబ్బు తెచ్చేసరికి గేటు దగ్గర అతను లేడు. మా ప్రాజెక్టు మేనేజర్ రామకోటేశ్వరరావుగారు నిలబడి ఉన్నారు. ఆయన వేళ్ళకే మూడు రాళ్ళ ఉంగరాలు.

"నేనే పంపించానమ్మా. శనివారం హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళొస్తున్నారు, పని ఆగకూడదు. అయినా కొత్త పెళ్ళికొడుకు చేత ఉంగరం తీయిస్తారా ఎక్కడన్నా? అశుభం కాదూ? ఆడవాళ్ళయ్యుండి ఆ మాత్రం తెలీదా మీకు?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేను కంటైనర్ వైపు పరుగెత్తాను. సగం దూరం వెళ్ళానో లేదో టప్పుమని చప్పుడు, వెంటనే కేక. ఉంగరం వేలికి అతుక్కుపోయింది. విజయవాడ ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. అతని భార్య శాలిని, పసుపు బట్టల వాసన ఇంకా పోని పిల్ల, నా చెయ్యి పట్టుకుని "మీరు చూళ్ళేదా మేడమ్?" అంది. చూశానమ్మా. చూసి ఆపాను. ఆపినదాన్ని చూసి నవ్వారు. పైకి మాత్రం ఆ పిల్ల చేతిలోని మందుల చీటీ తీసుకుని కిందికి దిగాను.

గురువారం మధ్యాహ్నం రామకోటేశ్వరరావుగారు నన్ను గదిలోకి పిలిచి ఖాళీ పర్మిట్ ఒకటి ముందుకు తోశారు. "నిన్నటి తేదీ వేసి సంతకం పెట్టండి డయానాగారూ. ఉంగరం తీసి మీకు చూపించాడు, లోపలికెళ్ళి మళ్ళీ పెట్టుకున్నాడు, అలా రాద్దాం. అప్పుడు నిర్లక్ష్యం వాడిదవుతుంది. మీకూ నాకూ ఏ గొడవా ఉండదు."

వేలు పోయినవాడి మీదే నేరం! ఆ మాట కాగితం మీద పడితే రేపు ఏ సైటూ యేసుకుమార్‌ని గేటు దాటనివ్వదు. ఒళ్ళు మండిపోయింది. అయినా నా నోటివెంట వచ్చిందేమిటి? "రేపు చెప్తాను సార్." చెంప పగలగొట్టుకోవాలనిపించింది, నా చెంపే.

ఇంటికొచ్చేసరికి ఎన్నడూ లేనిది జాన్ పాల్ తనే టీ పెట్టి తెచ్చిచ్చాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

"సాయంత్రం నాలుగున్నరకి మీ సార్ ఫోన్ చేశారు. ఎంత మర్యాదస్తుడు! గారూ, గారూ అంటూ మాట్లాడారు. ఏదో సంతకం కావాలట కదా? ఆయన చెప్పిందంతా విన్నాను. పెట్టేస్తుందిలెండి, నేను చెప్తాగా అని మాటిచ్చాను."

నాకు ఫోనుంది. డిప్లొమా ఉంది. పదకొండేళ్ళ అనుభవం ఉంది. ఆ మనిషి మాత్రం, తప్పిపోయిన గేదె గురించి ఆసామిని అడిగినట్టు, నా గురించి నా మొగుణ్ణి అడిగాడు. ఈయన ఉప్పొంగిపోయి ఒప్పేసుకున్నాడు.

"మొగుడు మాటిచ్చాక ఇంకేముందమ్మాయ్?" అంది అత్తగారు మంచం మీంచి. "తాళి తీసి తిరిగితే అరిష్టాలు రాకేం చేస్తాయి?"

"ఉంగరం తీయనందుకు వేలు పోయిందత్తయ్యా! తీసినందుకు కాదు!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. ప్రమాదం జరిగితే సేఫ్టీ ఆఫీసర్ హెడ్డాఫీసుకీ, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కీ రిపోర్టు పంపాలి. రాయడం మొదలుపెట్టాను. పర్మిట్ నేను ఇవ్వలేదు. సబ్బు కోసం వెళ్ళినప్పుడు కార్మికుణ్ణి లోపలికి పంపింది మేనేజర్. మర్నాడు పాత తేదీతో సంతకం అడిగింది కూడా ఆయనే.

"వంట?" అన్నాడు జాన్ పాల్.

"టీ పెట్టారుగా. అన్నం కూడా పెట్టేయండి."

నా వెనక్కి వచ్చి నిలబడి తెర మీదికి వంగాడు. నేను టైపు చేస్తూనే ఉన్నాను. గురువారం సాయంత్రం నాలుగున్నరకి మేనేజర్ నా భర్త జాన్ పాల్‌కి ఫోన్ చేసి, నా చేత తప్పుడు సంతకం పెట్టించమని అడిగారు. నా భర్త ఒప్పుకున్నారు.

"ఏయ్, నా పేరెందుకు రాస్తున్నావే అందులో?" ఆ గొంతులో భయం నేను ఎప్పుడూ వినలేదు.

"జరిగింది జరిగినట్టు రాయాలి కదండీ. మీ ఫోన్ నంబరు కూడా వేశాను. ఇన్‌స్పెక్టర్‌గారు పిలిస్తే మీరే వెళ్ళి చెప్పుకోండి," అన్నాను, పంపించేస్తూ. "మాటిచ్చింది మీరేగా."