నూట ఎనభై ఆరు మంది

"ఆడోళ్ళ పేర్లన్నీ తీసెయ్. వంశం పుస్తకం పల్చగ, నీట్‌గ ఉంటది" అన్నాడు మహేశ్వర్ పచ్చిపులుసు కలుపుకుంటూ. అని, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

వసంత చేతిలో గరిటె ఆగిపోయింది. నాలుగేళ్ళ పని అది. సూర్యాపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో అంట్లు తోమి, బట్టలు ఆరేసి, అత్తగారికి బీపీ గోలీ ఇచ్చి, ఇల్లంతా నడుం వాల్చే వేళకు ఆమె కంప్యూటర్ ముందు కూర్చునేది. పెళ్ళికి ముందు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు ఆఫీసులో టైపు చేసిన వేళ్ళవి. అత్తింటి దొడ్డి వారి వంశాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమన్నది భర్త మహేశ్వరే. చుట్టాలొస్తే "నేనే ఎక్కించిన మొత్తం" అనేవాడు. ఆమె చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. ఎవరైనా ఆమె వైపు చూస్తే "మా ఆమెకు టైపింగు వస్తది, గంతే" అని నవ్వేవాడు. ఆ 'గంతే' నాలుగేళ్ళుగా ఆమె గొంతులో అన్నం మెతుకులా అడ్డం పడి ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం మర్యాద తెలిసినది. ఏ మనిషి పేరు ఎక్కించినా తండ్రి పేరు అడిగి, వెంటనే తల్లి పేరూ అడిగేది. ఎవరికైనా, పెళ్ళైన ఆడదానికైనా, పుట్టింటి ఇంటిపేరే రాయమనేది. ఆ గడి ఖాళీగా కనిపిస్తే వసంతకు తోచేది కాదు. చివ్వెంలకూ ఆత్మకూరుకూ బస్సెక్కి వెళ్ళి ముసలమ్మల పక్కన కూర్చునేది. "నా పేరుతోని నీకేం పని బిడ్డా?" అని నవ్వేవాళ్ళు వాళ్ళు. తర్వాత ఎటో చూస్తూ, ఎన్నేళ్ళుగానో నోట పలకని అమ్మ పేరును మెల్లగా పైకి తెచ్చేవాళ్ళు. అట్లా నూట ఎనభై ఆరు మంది ఆడవాళ్ళు చేరారు.

"ఆదివారం మిర్యాలగూడల పెద్దల మీటింగు. తిరుపతయ్య పెద్దనాయిన తెర మీద సూపియ్యమన్నడు. కంప్యూటర్ శానా స్లో అయింది, రేపు ఫార్మాటుకు ఇస్తున్న, అండ్ల ఉన్నదంత పోతది. ఇయ్యాల్నే మగోళ్ళ వరస ఒక్కటి సీడీల ఎక్కియ్యి" అన్నాడు మహేశ్వర్ చెయ్యి కడుక్కుంటూ.

"మరి మిగతాది?"

"మిగతాదేంది? ఇచ్చేసిన పిల్లలు, వచ్చిన పిల్లలు. వాళ్ళు మన లెక్కల్నే రారు."

అతను ముందు గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. వసంత కుట్టు మిషన్ సొరుగులోంచి తమ్ముడు కృష్ణ ఇచ్చిన పెన్ డ్రైవ్ తీసింది. కరెంటు పోవడానికి ఇంకా గంట ఉంది. ఉన్నది ఉన్నట్టు మొత్తం దాంట్లోకి పంపింది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా కదిలింది. ఫోటోలు ఎక్కువ కదా, నత్తనడకే. ఫ్యాను గాలికి కిటికీ తెర ఊగుతోంది. ఆమె కళ్ళు మూతపడుతున్నాయి, కానీ నిద్ర కాదది. చివ్వెంల దారెంట ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు వస్తున్నారు. ఒకామె చంకలో గొర్రెపిల్ల. ఒకామె కొంగుకు ముడివేసిన వడ్లు. ఒకామెకు ఫోటో లేదు, ముఖం ఉండాల్సిన చోట వెలుతురు మాత్రమే ఉంది. అందరూ కాళ్ళు కడుక్కున్నట్టు ఒక్క క్షణం గడప దగ్గర ఆగి, వేలెడంత ఆ పెన్ డ్రైవ్‌లోకి వంగి లోపలికి వెళుతున్నారు. తోసుకోవడం లేదు. వెనకొచ్చేవాళ్ళ కోసం జరిగి చోటిస్తున్నారు. చిట్టచివర తనే ఉంది, పుట్టింటి ఇంటిపేరుతో. పదకొండేళ్ళ కాపురంలో ఆ పేరు రాసిన చోటు అదొక్కటే. వసంతకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

గీత నిండింది. పెన్ డ్రైవ్ తీసి, పుస్తెలతాడుకు వేలాడే పిన్నీసుల్లో ఒకదానికి తగిలించుకుంది.

"ఏందది, కొత్త పుస్తెనా?" అంది మంచం మీంచి అత్తగారు రాములమ్మ.

"కాదత్తమ్మా. మనోళ్ళు. ఆడోళ్ళం మొత్తం."

ఇక సీడీ పని. ఒక్కొక్క పేరే తీసేస్తూ వచ్చింది, మనసు రాయి చేసుకుని. సత్తమ్మ దగ్గర సాఫ్ట్‌వేర్ ఆగింది. ఈమెను తీస్తే ఈమె ద్వారా వచ్చిన చుట్టరికాలు తెగిపోతాయి, తీయమంటారా అని అడిగింది.

సత్తమ్మ కథ చెప్పింది రాములమ్మే. మూలపురుషుడు దొడ్డి గోపయ్యకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు సత్తమ్మ, వెనకాల గొర్రెల మంద. మేకల సైదయ్య అనే పిల్లగాడిని ఇల్లరికం తెచ్చి, ఇంటిపేరు మార్చి, మంద అప్పగించారు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆయన పాత ఇంటిపేరే ఉంది. ఇప్పుడు మీసాలు తిప్పే దొడ్డి వారంతా ఆమె కడుపున పుట్టినవాళ్ళ సంతానమే. "మగోళ్ళు ఈ ముచ్చట ఎత్తరు బిడ్డా. ఇల్లరికమంటే నామోషీ" అని నవ్వింది ఆ రోజు రాములమ్మ.

వసంత ముందు గదిలోకి వెళ్ళింది. "ఒక్కసారి లేచి సూడుండ్రి. సత్తమ్మను తీస్తే..."

"చెప్పింది చెయ్యి. ప్రతిదానికి నన్ను లేపకు" అన్నాడు మహేశ్వర్ గోడ వైపు తిరిగి.

చెప్పింది చేసింది.

శుక్రవారం కంప్యూటర్‌ను షాపుకిచ్చారు; అది అంతా చెరిగిపోయి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చింది. ఆదివారం మహేశ్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని సీడీతో మిర్యాలగూడ పోయాడు. పదకొండింటికి ఫోను మోగింది. వసంత చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏం జేసినవే?" గొంతు తగ్గించి అరుస్తున్నాడు. "తెర మీద గోపయ్య తాత ఒక్కడే ఉన్నడు, ఆయన కింద ఎవ్వడు లేడు. మనమంతా ఎవడో మేకల సైదయ్య కింద ఉన్నం! దొడ్డోళ్ళం మేకలోళ్ళమైనం. పెద్దనాయిన ఎగిరెగిరి పడుతున్నడు, అందరు నవ్వుతున్నరు!"

"మీరు చెప్పిందే చేసిన. ఆడోళ్ళను తీసేసిన."

అవతల హాల్లో ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది.

"ఫార్మాట్ గూడ అయిపాయె... బ్యాకప్ ఉన్నదా?"

ఆమె చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. పెన్ డ్రైవ్ ఒంటి వేడికి వెచ్చగా ఉంది. అబద్ధం చెప్పాలనిపించింది ఒక్క క్షణం. అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

"ఉన్నది. నా దగ్గర."

"హమ్మయ్య! బస్సెక్కి జల్ది తీస్కరా. ఆ సత్తమ్మ ఒక్కదాన్ని నడుమ పెడితే సాలు, అతుక్కుంటది. మిగతాయి వద్దు."

వసంత చేట పక్కన పెట్టి లేచింది. అప్పటికే రాములమ్మ మంచం కింద చెప్పులు వెతుక్కుంటోంది.

"తెస్త. నేను, అత్తమ్మ ఇద్దరం వస్తున్నం. తెర మీద నేనే సూపిస్త" అంది వసంత. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "కాని సత్తమ్మ ఒక్కతే రాదు. వస్తే నూట ఎనభై ఆరు మందితోని వస్తది."