ఎర్రమ్మ చల్లని చేతులు

పొద్దున ల్యాబు తలుపు తీయగానే సువర్ణ చేసే మొదటి పని ఫ్రిజ్‌లో థర్మామీటరు చూడటం. దేవుడి పటానికి దండం ఆ తర్వాతే. కడుపులో ఎదిగే బిడ్డ తయారుచేసే ఒక ప్రొటీను తల్లి రక్తంలో ఎంత ఉందో చెప్పే కిట్టు ఆ ఫ్రిజ్‌లో ఉంటుంది. మహా నాజూకు సరుకు, కాస్త వేడి తగిలితే పాడైపోతుంది. పైగా ఒక్కరి కోసం విప్పరు. భద్రాచలం చుట్టుపక్కల నుంచి తగినంతమంది గర్భిణుల రక్తం పోగయ్యేదాకా అందరూ ఆగాల్సిందే.

అలా ఆగుతున్నవాళ్ళలో కళావతి కూడా ఉంది. బూర్గంపాడు అవతల, అడవి పక్క పల్లె వాళ్ళది. తొలిచూలు బిడ్డ తల పైభాగం మూసుకోకుండా పుట్టి, పూట గడవకముందే పోయింది. ఈసారైనా బిడ్డ బాగుందన్న మాట వినాలని ఇంటిల్లిపాదీ ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నారు.

తీరా కిట్టు విప్పే సమయానికి గోదారి పొంగింది. రోడ్లు మునిగాయి, కరెంటు పోయింది, జనరేటరుకు డీజిల్ అయిపోయింది. ఖమ్మానికి ఫోన్ చేస్తే కొత్త కిట్టు ఇప్పట్లో రాదన్నారు. సువర్ణ ఫ్రిజ్ తలుపు తీసి, థర్మామీటరు చూసి, గబుక్కున మూసేసింది.

రిపోర్టు కోసం వచ్చి వరదకు భద్రాచలంలోనే చిక్కుకుపోయిన కళావతి అత్త ఎర్రమ్మ, గుమ్మంలోంచి లేచి వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"ఫ్రిజ్ ఆగిపోయింది పెద్దమ్మా. సల్లగ లేకపోతే కిట్టు, రక్తం రెండూ ఖరాబైతయి."

"గంతేనా? ఇటు తే."

ఎర్రమ్మ చేతుల సంగతి ఆ చుట్టుపక్కల తెలియనిదెవరికి? ఆమె పట్టుకున్న ఐసు కరగదు. ఎండాకాలం జీలుగు కల్లు పులవకుండా కుండల మీద ఆమెతో చెయ్యి వేయించుకుంటారు. జ్వరాల పిల్లల్ని ఎత్తుకుని ఆమె ఇంటికే పరిగెడతారు. సువర్ణ కిట్టు పెట్టె, రక్తం గొట్టాలు ఆమె ఒడిలో పెట్టి, థర్మామీటరు కూడా అందులోనే ఉంచింది.

కరెంటు వచ్చేదాకా ఎర్రమ్మ పెట్టెను కింద పెట్టలేదు. నిప్పు దగ్గరికి రాకూడదని చుట్ట కూడా ముట్టలేదు. తిరిగి తీసుకునేటప్పుడు చూస్తే థర్మామీటరులో అంకె ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. కానీ సువర్ణ వేళ్ళకు తగిలిన ఎర్రమ్మ చేతులు మాత్రం అందరి చేతుల్లాగే వెచ్చగా ఉన్నాయి.

పరీక్ష చేస్తున్నంతసేపూ ఎర్రమ్మ పక్కనే నిలబడింది. ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో రంగు మెల్లగా తేలింది. ఆఖరి మందు చుక్క పడగానే కళావతి గుంట అన్నిటికంటే చిక్కగా పసుపెక్కింది.

"మా కోడలిదేనా గది? ఎంత మంచిగ పసుపెక్కిందో సూడు! శుభమే గద బిడ్డా?" అంది ఎర్రమ్మ, ముఖం వెలిగిపోతుంటే.

సువర్ణ ఇంకోసారి ప్లేటు కేసి చూసింది. ఆ పసుపు ఎంత చిక్కనైతే కబురు అంత చెడ్డదని ఏ నోటితో చెప్పాలి? చెప్పక తప్పలేదు. దారులు తెరిపిన పడ్డాక ఖమ్మంలో తీయించిన స్కానింగూ అదే మాట చెప్పింది, ఈ బిడ్డకూ తల పైభాగం మూసుకోలేదని. గర్భం తీసేయడానికి నెలలు దాటిపోయాయన్నాడు డాక్టరు. కళావతి గోడకేసి చూస్తూ కూర్చుండిపోయింది. ఇంత తెలిసీ ఏమీ చేయలేని పరీక్ష ఎందుకని సువర్ణ లోలోపల కుమిలిపోయింది.

ఎర్రమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. తన అరచేతులు చెంపలకు ఆనించి చూసుకుంది.

"మొదటి బిడ్డ నేను ముట్టంగనే గజగజ వణికింది. మల్ల ముట్టలే. దూరం కూసొని సూసిన, గంతే," అంది.

ఆ తర్వాత పల్లెలో జ్వరాల పిల్లలకు తడిగుడ్డలు వేయడం మొదలైంది. ఎర్రమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

చలి ముదిరిన రోజుల్లో కళావతి భర్త రాజు ల్యాబుకు ఫోన్ చేశాడు.

"ఆడపిల్ల మేడం. పొద్దుగాల పుట్టి మాపటిదాక ఉన్నది. మా అమ్మ ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టే ఉన్నది, కిందికి దించలే. పోరి ఒక్కసారి గూడ వణకలే."